బోర్లా పడటం నుంచి బడి దాకా: పిల్లల ఎదుగుదలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పసిపిల్లల తల్లులు, ఆ పిల్లలను పెంచుతున్న అమ్మమ్మలు, నాయనమ్మలు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. జవాబుల్లో ఉన్న నెలలన్నీ పుట్టిన తేదీ నుంచి లెక్క. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకు లెక్క వేరు, అది కింద విడిగా ఉంది. ఇది చదివి బిడ్డకు ఫలానా జబ్బు ఉందనో లేదనో తేల్చుకోవద్దు. ఎప్పుడు దవాఖానకు తీసుకెళ్లాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

ఎదుగుదల మైలురాళ్లు అంటే ఏమిటి? బిడ్డ బరువు బాగానే పెరుగుతుంటే ఇవి కూడా చూడాలా?

చూడాలి. బరువు పెరగడం ఒకటి, పనులు రావడం ఇంకొకటి. మెడ నిలపడం, ముఖం చూసి నవ్వడం, బోర్లా పడటం, కూర్చోవడం, పేరు పిలిస్తే తిరగడం, వేలితో చూపించడం, మాట, నడక, ఇలా ఒక్కో పని ఒక వయసు హద్దులో వస్తుంది. వాటినే మైలురాళ్లు అంటున్నాం. బొద్దుగా, తెల్లగా ఉన్న బిడ్డను చూస్తే మన ఊళ్లలో ఎవరికీ అనుమానం రాదు. అలాంటి బిడ్డకే చెవి వినపడకపోవచ్చు.

మనవాళ్లు చూసేవి ముఖ్యంగా రెండే: నడక వచ్చిందా, మాట వచ్చిందా. ఆ రెండూ ఆలస్యంగా బయటపడేవి. వాటికంటే చాలా ముందే కళ్లు, చెవులు, వేళ్లు ఎలా పనిచేస్తున్నాయో బిడ్డ చూపిస్తూనే ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది నెలల్లో చూడాల్సినవి చూస్తే, రెండేళ్లు వచ్చాక కంగారు పడే పని తప్పుతుంది.

ఏ పని ఎప్పుడు వచ్చిందో తేదీలు గుర్తుండవు. ఎలా రాసుకోవాలి?

డాక్టరు దగ్గర ఎక్కువగా ఇరుక్కుపోయే ప్రశ్న ఇదే. "ఎన్నో నెలలో కూర్చుంది?" అని అడిగితే తల్లి అత్త వైపు చూస్తుంది, అత్త "అప్పుడే కూసున్నది సార్" అంటుంది. తప్పేం లేదు, పనుల్లో ఉన్నవాళ్లకు నెలలు గుర్తుండవు. పండుగలు మాత్రం గుర్తుంటాయి. ఆ లెక్కతోనే పట్టుకోవచ్చు.

పాప మే నెలలో పుట్టిందనుకుందాం. బతుకమ్మ ఆడేటప్పుడు చంకలో ఉంది, మెడ నిలిపింది కానీ ఇంకా బోర్లా పడలేదు. అంటే అయిదు నెలలు. సంక్రాంతికి ముగ్గులు వేస్తుంటే వాకిట్లో చాప మీద ఆసరా లేకుండా కూర్చుంది, ఎనిమిది నెలలు. ఉగాదికి మంచం పట్టె పట్టుకొని లేచి నిలబడింది, పది నెలలు. మూడు పండుగలతో మూడు తేదీలు దొరికాయి, మూడూ సరైన వయసులోనే ఉన్నాయి. మరో దారి ఫోను. ఏ పని కొత్తగా చేసినా అరనిమిషం వీడియో తీసి ఉంచండి, తేదీ దానంతట అదే పడుతుంది. దవాఖానలో కొత్త మనుషుల్ని చూసి బిడ్డ ఏడుస్తూ ఏ పనీ చేయదు. అప్పుడు డాక్టరుకు ఆ వీడియోనే ఆధారం.

ఇక గర్భంతో ఉన్నప్పుడు ఇచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డు, మనవాళ్లు ఎంసీపీ కార్డు అనేది, చాలా ఇళ్లలో సూదుల పేజీ వరకే తెరుస్తారు. అందులో బరువు గీత ఉంటుంది, ఏ వయసుకు ఏ పని రావాలో బొమ్మలతో పేజీలు కూడా ఉంటాయి. అక్కడే తేదీ రాయండి. రాయడం రాకపోతే అంగన్‌వాడీ టీచర్‌తోనో ఆశ అక్కతోనో రాయించుకోండి, అది వాళ్ల పనిలో భాగమే.

సరే, ఏ వయసుకు ఏం రావాలో సూటిగా చెప్పండి.

రెండు నెలలు నిండేసరికి మీ ముఖం చూసి, మీ మాట విని నవ్వాలి. నిద్రలో వచ్చే నవ్వు లెక్కలోకి రాదు. నాలుగు నెలలకు ఎత్తుకున్నప్పుడు మెడ ఊగకుండా నిలవాలి, మీరు మాట్లాడితే ఊ కొట్టాలి. ఆరు నెలల ప్రాంతంలో బోర్లా పడుతుంది, కనపడ్డ వస్తువు కోసం చెయ్యి చాపుతుంది, ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది.

తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి, పేరు పిలిస్తే తిరగాలి, "మమమమ", "బబబబ" అని వరస కట్టాలి. కొత్తవాళ్లను చూసి ఏడవడం కూడా ఈ వయసు ఎదుగుదలే. చుట్టాలు నొచ్చుకున్నా సరే.

ఏడాదికి గోడ, మంచం పట్టుకొని నిలబడి పక్కకు అడుగులు వేస్తుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి అన్నం మెతుకు లాంటి చిన్న వాటిని తీస్తుంది. టాటా చెబుతుంది, "వద్దు" అంటే ఒక్క క్షణమైనా ఆగుతుంది, అమ్మనో నాన్ననో ఒక పేరుతో పిలుస్తుంది. ఏడాదిన్నరకు దేన్నీ పట్టుకోకుండా నడవాలి. అమ్మ, నాన్న కాక మరో మూడు మాటలైనా ఉండాలి. ఆకాశంలో విమానం పోతుంటే వేలు చూపించి, మీరు చూశారా లేదా అని మీ ముఖం వైపు తిరగాలి. ఈ ఒక్క పనికి మేము ఇచ్చే విలువ నడకకు కూడా ఇవ్వం. ఎందుకో ఆటిజం, అంటే ఎదుటివాళ్లతో కలవడం, మాటలతో పంచుకోవడం కష్టమయ్యే ఎదుగుదల తేడా, గురించిన ప్రశ్న దగ్గర చెబుతాం.

రెండేళ్లకు రెండు మాటలు కలపాలి: "అమ్మ దా", "పాలు కావాలె". మూడేళ్లకు చిన్న సంభాషణ నడపాలి, ఇంట్లోవాళ్లు కానివాళ్లకు కూడా మాట చాలావరకు అర్థం కావాలి.

పక్కింటి పాప పది నెలలకే నడిచింది. మా బాబుకు పద్నాలుగు నెలలు, ఇంకా పట్టుకొనే నడుస్తున్నాడు. టెన్షన్‌గా ఉంది.

పక్కింటి పాపను పక్కన పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో, మన ఢిల్లీ పిల్లలను కూడా కలిపి, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఏ పని ఎప్పుడు చేస్తారో గమనించి 2006లో ఆ వివరాలు ప్రచురించింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా వచ్చింది. సొంతంగా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య. అంటే ఇద్దరు ఆరోగ్యవంతులైన పిల్లల నడక మధ్య తొమ్మిది నెలల తేడా ఉండొచ్చు. ముందు నడిచిన పిల్ల తెలివైనదనీ, ఆలస్యంగా నడిచిన పిల్లవాడు మందకొడి అనీ కాదు.

పట్టుకొని అడుగులు వేస్తున్నాడు, పేరు పిలిస్తే పలుకుతున్నాడు, ఆడుతున్నాడు అంటే మీ బాబు ఆ హద్దులోనే ఉన్నాడు. 18 నెలలు నిండే తేదీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఆ రోజుకు సొంతంగా నడవకపోతే ఇక ఇంట్లో చర్చలు ఆపి చూపించండి.

మా పాప అసలు పాకనే లేదు. కూర్చున్నదల్లా నేరుగా నిలబడింది. ఏమైనా లోపమా?

కాకపోవచ్చు. పైన చెప్పిన పరిశీలనలోనే నూటికి నలుగురికి పైగా పిల్లలు మోకాళ్ల మీద పాకకుండానే నడకకు వెళ్లారు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022లో తన మైలురాళ్ల జాబితాను సవరించినప్పుడు పాకడాన్ని తీసేసింది. కొందరు పిర్రల మీద జరుగుతారు, కొందరు పొట్ట మీద దేకుతారు. ఒక చెయ్యి, ఒక కాలు మాత్రమే వాడుతూ రెండో వైపును ఈడ్చుకుంటూ పోతే అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

ఒక మాట. రోజంతా చీర ఊయలలోనో మంచం మీదనో ఉండే బిడ్డకు పాకే అవకాశమే దొరకదు. మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ల ముందు, నేల మీద చాప పరిచి బోర్లా వేయండి. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే.

మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి, వాళ్ల నాయనకు కూడా మూడేళ్లకే వచ్చాయి అంటున్నారు. ఆగొచ్చా?

ఎక్కువ పిల్లలకు నష్టం జరిగేది ఈ మాట దగ్గరే. మగపిల్లలు మాటల్లో కాస్త వెనకగా ఉండటం నిజమే. అయితే ఆ తేడా వారాల్లో, కొద్ది నెలల్లో ఉండేదే కానీ ఏళ్లలో ఉండేది కాదు. నాయనకు మూడేళ్లకు మాటలొచ్చాయని చెప్పేవాళ్లు ఆయనకు ఆ వయసులో ఏం అర్థమయ్యేదో, వేలితో చూపించేవాడో లేదో చెప్పలేరు. ముప్పై ఏళ్ల కిందటి ముచ్చట ఎవరికి గుర్తుంటుంది?

ఆగడంలో తప్పు లేదు, తేదీ లేకుండా ఆగడమే తప్పు. బాబు మీరు చెప్పింది అర్థం చేసుకొని చెప్పు తెమ్మంటే తెస్తున్నాడు, కావాల్సింది వేలితో చూపిస్తున్నాడు, మాట ఒక్కటే తక్కువ అనుకుంటే ఒకటి, రెండు నెలలు గడువు పెట్టుకోండి. ఆ లోపు రోజూ ముఖాముఖి మాట్లాడండి. 16 నెలలకు ఒక్క మాట కూడా లేకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా గడువు అయిపోయినట్టే. చెప్పింది అర్థం కూడా చేసుకోవడం లేదంటే ఆ గడువు కూడా వద్దు.

తలుపు కొడితే ఉలిక్కిపడతాడు. అంటే చెవులు బాగున్నట్టే కదా?

అని అనుకోవడం వల్లే వినికిడి లోపం రెండు, మూడేళ్ల దాకా బయటపడదు. తలుపు కొట్టినప్పుడు నేల అదురుతుంది, గాలి తగులుతుంది, నీడ కదులుతుంది. వాటికి కూడా బిడ్డ తిరుగుతుంది. వెనక నుంచి స్టీలు గిన్నె మోగిస్తే తిరిగిందంటే, పెద్ద చప్పుడు వినపడిందని మాత్రమే అర్థం. "సు", "త", "ప" లాంటి సన్నటి ధ్వనులు వినపడకుండా పెద్ద చప్పుళ్లు మాత్రమే వినపడే పిల్లలు ఉంటారు. వాళ్లకు మన మాట ముద్దగా చేరుతుంది, నోటి నుంచి కూడా అలాగే వస్తుంది.

మరో గుర్తు: చెవి వినపడని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఉంగా ఉంగా అంటుంది. ఆరు, ఏడు నెలల తర్వాత ఆ పలుకులు పెరగాల్సింది పోయి తగ్గుతాయి. "మొదట్లో బాగా పలికేది, ఇప్పుడు సైలెంట్ అయింది" అని తల్లి అంటే వినికిడి పరీక్ష ఆ వారంలోనే చేయించాలి.

పుట్టిన బిడ్డకు చేసే ఓఏఈ అనే వినికిడి పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు, నొప్పి ఉండదు. అనుమానం మిగిలితే నిద్రలో బేరా అనే ఇంకో వినికిడి పరీక్ష చేస్తారు. నెల లోపు మొదటి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వినికిడి మిషనో చికిత్సో మొదలు కావాలన్నది డాక్టర్లు పాటించే లెక్క. మేనరికం పెళ్లి అయినా, ఇంట్లో పుట్టుకతో చెవిటివాళ్లు ఉన్నా, బిడ్డకు పుట్టగానే పచ్చకామెర్లు బాగా ముదిరినా, ఐసీయూలో ఉన్నా ఆ పరీక్ష మానొద్దు. ప్రసూతి అయిన చోట చేయలేదంటే, మరెక్కడ చేస్తారో అడిగి రాయించుకోండి.

నాలుక మీద వస రాస్తే మాటలు త్వరగా వస్తాయా? నాలుక మందం అంటున్నారు, కోయించాలా?

వసతో మాటలు రావు. పసిపిల్లలకు వాంతులు అయ్యే ప్రమాదం ఉంది, నూరే రాయి శుభ్రంగా లేకపోతే విరేచనాలు అదనం. పెద్దవాళ్ల మనసు నొప్పించకుండా ఎలా ఆపాలన్నది మీ ఇంటి సంగతి. డాక్టరు వద్దన్నాడని చెప్పడం చాలా ఇళ్లలో పనిచేస్తుంది. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించడం కూడా వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

నాలుక మందం అనేది జబ్బు కాదు. నాలుక కింద పొర అతుక్కొని ఉండటం నిజంగా ఉంటుంది. దాని వల్ల రొమ్ము పట్టడం కష్టం కావచ్చు, కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు. అసలు మాటే రాకపోవడానికి మాత్రం అది కారణం కాదు. కోయించే ముందు చెవి పరీక్ష చేయించండి.

మాది తండా. ఇంట్లో లంబాడీ, అంగన్‌వాడీలో తెలుగు. రెండు భాషలతో పిల్లవాడు తికమకపడి మాట్లాడటం లేదా?

కాదు. దేవరకొండ వైపు తండాల్లో, మహబూబ్‌నగర్ పట్నంలో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఈ అనుమానం ఎప్పుడూ వినిపిస్తుంది. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. రెండింటినీ కలిపి మాట్లాడటం కూడా మామూలే. మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషల్లోవీ కలిపి లెక్కపెట్టండి. లంబాడీలో పది, తెలుగులో అయిదు ఉంటే మీ వాడికి పదిహేను మాటలు వచ్చినట్టు. పరీక్ష చేసేవాళ్లు తెలుగు మాత్రమే అడిగితే ఈ సంగతి మీరే చెప్పాలి. ఇంట్లో లంబాడీ మానేసి వచ్చీరాని తెలుగు మాట్లాడమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. తల్లి ధారాళంగా మాట్లాడే భాషే బిడ్డకు మేలు.

ఫోన్ చూపిస్తేనే అన్నం తింటుంది. అందులో పాటలు, ఏబీసీడీలు కూడా నేర్చుకుంది. నష్టం ఏముంది?

రెండేళ్ల లోపు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంట దాటొద్దనీ, అంతకంటే తగ్గితే మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏబీసీడీలు అప్పజెప్పే పాప "నీళ్లు కావాలి" అని అడగలేకపోతే అది మాట వచ్చినట్టు కాదు. ఫోను బిడ్డతో మాట్లాడుతుంది కానీ బిడ్డ చెప్పేది వినదు. దుబాయ్‌లోనో ముంబైలోనో ఉన్న నాన్నతో వీడియో కాల్ ఈ లెక్కలోకి రాదు, అది నిజమైన సంభాషణే, హాయిగా చేయించండి.

వాకర్ కొంటే త్వరగా నడుస్తాడా?

నడవడు. కూర్చోబెట్టి తోసే వాకర్‌లో కాలి వేళ్లతో నెట్టడం అలవాటవుతుంది, మెట్ల మీద నుంచి పడే ప్రమాదం ఉంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. నిలబడి పట్టుకొని తోసే మన పాత మూడు చక్రాల చెక్కబండి నయం, పక్కన పెద్దవాళ్లు ఉంటే చాలు.

మా బాబు ఎనిమిదో నెలలో పుట్టాడు. ఏ లెక్కన చూడాలి?

పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టండి. 40 వారాలకు బదులు 32 వారాలకు పుడితే రెండు నెలలు ముందు వచ్చినట్టు. ఇప్పుడు ఎనిమిది నెలలు అయితే, ఆరు నెలల బిడ్డ చేసే పనులు చేస్తున్నాడా అని చూడాలి. రెండేళ్లు నిండే దాకా ఇదే పద్ధతి. సూదులకు మాత్రం ఈ లెక్క వర్తించదు, అవి పుట్టిన తేదీ ప్రకారమే.

34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువ ఉన్నా నెల లోపు కంటి రెటీనా పరీక్ష తప్పనిసరి. డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది, ఇంటికి వచ్చిన సంబరంలో మరచిపోతారు. ఆ గడువు దాటితే పోయిన చూపు రాకపోవచ్చు.

తిండికి, ఎదుగుదలకు సంబంధం ఉందా? ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కూడా ఆలస్యం అవుతుందా?

తిండికి గట్టి సంబంధమే ఉంది. ఒక ఉదాహరణ తప్పక తెలుసుకోవాలి. తల్లి గుడ్డు, మాంసం ముట్టదు, పాలు పెరుగు కూడా అంతంతమాత్రం, బిడ్డకు ఏడాది దాటినా తల్లిపాలే ఆధారం. అలాంటి బిడ్డ ఆరు, ఎనిమిది నెలల దాకా బాగుండి, ఆ తర్వాత నవ్వడం తగ్గుతుంది, కూర్చోవడం మానేస్తుంది, జుట్టు పలచబడి రంగు మారుతుంది, వేళ్ల కణుపుల మీద చర్మం నల్లబడుతుంది, ఒక్కోసారి చేతులు వణుకుతాయి. ఇది బీ12 విటమిన్ లోపం కావచ్చు. త్వరగా గుర్తించి మందు ఇస్తే బిడ్డ మళ్లీ తేరుకుంటుంది. దిష్టి తగిలిందని నెలలు గడిపితే నష్టం మిగులుతుంది.

రక్తహీనత కూడా అలాంటిదే. ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ వేయించాలి, ఆశ అక్క దగ్గర దొరుకుతుంది. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం బిడ్డ కోసం, ఇంటిల్లిపాది లడ్డూల కోసం కాదు.

ఇక మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే ప్రశ్న. అక్కడ తరాలుగా వంకర కాళ్లు చూసినవాళ్లు బిడ్డ కాళ్లు కాస్త వంగి కనపడగానే ఫ్లోరైడ్ అంటారు. భయం అర్థమవుతుంది. కానీ రెండేళ్ల లోపు కాళ్లు విల్లులా ఉండటం, మూడు, నాలుగేళ్లకు మోకాళ్లు దగ్గరగా రావడం చాలామంది పిల్లల్లో మామూలు. నడక ఆలస్యమై, మణికట్టు లావెక్కి, కాళ్లు బాగా వంగితే ముందు డీ విటమిన్, కాల్షియం లోపం వల్ల వచ్చే రికెట్స్ కోసం చూస్తారు. ఎక్స్‌రే, రక్త పరీక్షతో తేలుతుంది, మందుతో నయమవుతుంది. బోరు నీళ్లు మాని శుద్ధి చేసిన నీళ్లే తాగించడం ఎటూ చేయాల్సిందే. కాల్షియం తక్కువున్న పిల్లలకే ఫ్లోరైడ్ ఎక్కువ కీడు చేస్తుంది.

అంతకుముందు చేసే పనులు ఇప్పుడు చేయడం లేదు. కొన్నాళ్లు చూడాలా?

ఒక్క రోజు కూడా చూడొద్దు. వచ్చిన మాట పోవడం, కూర్చునే బిడ్డ వాలిపోవడం, నవ్వే బిడ్డ ముఖం చూడకపోవడం, ఏ వయసులో జరిగినా ఇది పెద్ద గుర్తు.

ఇంకొకటి అంతకంటే తొందరైనది. మూడు నుంచి ఎనిమిది నెలల మధ్య బిడ్డ, ముఖ్యంగా నిద్ర లేచినప్పుడు, ఒక్కసారిగా తల ముందుకు వంచి, చేతులు బారచాచి ముడుచుకుంటుంది. రెండు క్షణాలు. మళ్లీ అదే, మళ్లీ అదే, వరసగా పదీ ఇరవై సార్లు. మధ్యలో ఏడుస్తుంది. ఇంట్లోవాళ్లు ఉలికిపాటు అనుకుంటారు, కడుపునొప్పి అనుకుంటారు. ఇది పసిపిల్లల్లో వచ్చే ఒక రకం ఫిట్స్. చూడటానికి చిన్నగా ఉంటుంది, మెదడుకు చేసే హాని మాత్రం పెద్దది. వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి.

ఆటిజం ఎప్పుడు తెలుస్తుంది?

అనుమానం ఏడాదిన్నరకే రావచ్చు, అనుభవం ఉన్న డాక్టరు రెండేళ్లకు చాలావరకు చెప్పగలరు. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తల్లిదండ్రులను ప్రశ్నలు అడిగి చేసే ఎం-చాట్ అనే పరీక్ష ఉంది. అది జబ్బును తేల్చదు, ఇంకా లోతుగా చూడాలా వద్దా అన్నది చెబుతుంది.

వేలితో చూపించడం గురించి పైన చెప్పాం కదా. బిస్కెట్ కావాలని వేలు చూపడం ఒకటి. వాకిట్లో కుక్కను చూసి "చూడు" అన్నట్టు వేలు చూపి, మీ కళ్లలోకి చూడటం రెండోది. మొదటిది అవసరం, రెండోది తన సంతోషంలో మిమ్మల్ని కలుపుకోవడం. ఆ రెండోది 18 నెలలకు కూడా లేకపోతే, పేరు పిలిస్తే పలకకపోతే, మీ చెయ్యిని పట్టుకొని ఒక పనిముట్టులా డబ్బా మూత మీద పెడుతుంటే చూపించండి. పెంపకం వల్ల ఆటిజం రాదు, సూదుల వల్ల రాదు. తల్లి ఉద్యోగానికి పోయిందనీ, ఎవరో ఎత్తుకోలేదనీ నిందలు వేయడం మానుకోవాలి.

మేము వలస పోతాం. బిడ్డ ఊళ్లో తాత, నాయనమ్మ దగ్గర ఉంటుంది. ఏం చేయాలి?

పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయే కుటుంబాలకు ఇది కొత్త కాదు. ఎంసీపీ కార్డు బిడ్డ ఎక్కడుంటే అక్కడే ఉండాలి, ఫోటో మీ ఫోన్‌లో ఉండాలి. వీడియో కాల్‌లో "తిన్నదా" అని మాత్రమే కాకుండా "పేరు పిలువుండ్రి, తిరుగుతదా చూద్దాం" అనండి. ముసలివాళ్లు బిడ్డను బాగానే చూసుకుంటారు. కానీ తమకే చూపు, వినికిడి మందగించినప్పుడు బిడ్డలో తేడా పట్టడం కష్టం. అందుకే అంగన్‌వాడీకి పంపడం మానొద్దని గట్టిగా చెప్పి వెళ్లండి. బిడ్డను వెంట తీసుకెళితే పని చేసే చోట దగ్గర్లోని అంగన్‌వాడీలో అడగండి, మరో రాష్ట్రం వాళ్లమని వెనకాడొద్దు.

పళ్లు ఇంకా రాలేదు. ఎడమ చేత్తో తింటుంది. మాట తడబడుతోంది. వీటికి కూడా దవాఖానకా?

పళ్లు ఏడాది దాకా రాకపోయినా కంగారు వద్దు. ఎడమ చేతి వాటం లోపం కాదు, కొట్టి మాన్పించొద్దు. అయితే 18 నెలల లోపే ఒక చెయ్యి మాత్రమే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచితే చూపించాలి. రెండున్నర, మూడేళ్లప్పుడు "నేను నేను నేను..." అని తడబడటం చాలామందికి వచ్చి పోతుంది. ఎగతాళి చేయకండి, మాట అందించకండి. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, పలకడానికి ముఖం బిగబడుతుంటే చూపించండి.

ఎక్కడికి వెళ్లాలి? ప్రైవేటుకు పెట్టుకునే స్తోమత లేదు.

ముందు అంగన్‌వాడీ టీచర్‌కో ఏఎన్ఎంకో చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే ఆర్‌బీఎస్‌కే కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వచ్చి 18 ఏళ్ల లోపు పిల్లలను చూస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదల ఆలస్యం, ఈ నాలుగూ వాళ్లు చూడాల్సినవే. వాళ్లు వచ్చే రోజు ముందే కనుక్కోండి. ఆ రోజు పత్తి ఏరడానికి పోయి బిడ్డను వెంట తీసుకెళ్లారంటే మళ్లీ నెలలు ఆగాలి.

వాళ్లు రాసిస్తే జిల్లా స్థాయిలో డీఈఐసీకి, అంటే పిల్లల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే కేంద్రానికి వెళ్లొచ్చు. అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపీ, మాటల చికిత్స, వినికిడి పరీక్ష ఒకేచోట ఉండేలా ఆ కేంద్రాలను రూపొందించారు. బృందం కోసం ఆగక నేరుగా నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల పిల్లల విభాగానికి కూడా పోవచ్చు. పెద్ద పరీక్షలకు హైదరాబాద్‌లో నీలోఫర్ ఉంది. మానసిక ఎదుగుదల విషయంలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ నీపిడ్ 1984 నుంచి పనిచేస్తోంది, తల్లిదండ్రులకు ఇంట్లో చేయించాల్సినవి నేర్పుతుంది. ప్రత్యేక అవసరాలున్న బడి వయసు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి.

వెళ్లేటప్పుడు ఎంసీపీ కార్డు, డిశ్చార్జి కాగితం, ఫోన్‌లో వీడియోలు, మీ సందేహాలు రాసుకున్న చీటీ తీసుకెళ్లండి. బిడ్డ కడుపు నిండి, నిద్ర తీరి ఉన్న సమయం చూసుకోండి.

డాక్టరు "ఏం కాదు, చూద్దాం" అని పంపించారు. నా మనసు ఒప్పుకోవడం లేదు.

తల్లి అనుమానానికి విలువ ఉంది, గట్టిగా అడగండి. "ఎప్పటిదాకా చూడాలి సార్? అప్పటికి ఏ పని రాకపోతే మళ్లీ రావాలి?" ఈ రెండు ప్రశ్నలకు జవాబు చీటీ మీద రాయించుకోండి. జవాబు దొరకకపోతే ఇంకో డాక్టరుకు చూపించడం మీ హక్కు.

థెరపీకి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం కావాలా? తీసుకుంటే బిడ్డకు జీవితాంతం ముద్ర పడుతుందేమో అని మా ఇంట్లో వద్దంటున్నారు.

థెరపీ మొదలుపెట్టడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, దాని కోసం ఒక్క వారం కూడా ఆగొద్దు. పింఛను, బస్సు, రైలు రాయితీ లాంటి వాటికే అది కావాలి. చిన్నపిల్లల విషయంలో పరిస్థితి మారే అవకాశం ఉంటే గడువుతో తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, గడువు తీరాక మళ్లీ పరీక్షిస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల లోపాలను గుర్తించింది, ఆటిజం అందులో ఉంది. సర్టిఫికెట్ తీసుకోవాలా వద్దా అన్నది ఆరు నెలలు థెరపీ నడిచాక ఇంట్లో కూర్చొని మాట్లాడుకోవచ్చు.